ఏడో నీళ్లు

ఇరవై ఏళ్లుగా ఈ బాన మూతి దాటి
లోపలికి దిగలేదు నేను. పొట్ట పట్టేది కాదు.
ఈ వేసవి జబ్బు నన్ను చెక్కి చెక్కి
మూతికి సరిపడే మనిషిని చేసింది.

మాది అలజానీ లోయ.
మెడదాకా మట్టిలో పాతిన క్వెవ్రీల్లో
ద్రాక్షరసం పులుస్తుంది ఇక్కడ.
మనిషి నిలబడితే తల మునిగే లోతు,
కడుపు వెడల్పు, గొంతు ఇరుకు,
మాట మింగేసే రకం మనుషుల్లాగే.

సెప్టెంబరు. కోతకు వారం ఉంది.
ఇయోతమ్ ముందు కొవ్వొత్తి దించాడు. ఆరలేదు.
తర్వాత నిచ్చెన దించాడు.
"దిగు పెదనాన్నా. మాట్లాడుతూనే ఉండు.
గొంతు ఆగిందంటే తాడు లాగేస్తా."
వాడు మా షియో కొడుకు.
షియోకీ నాకూ మాటల్లేక పదకొండేళ్లు.
నా పనికి వీడెందుకు వస్తాడో
నేనడగలేదు, వాడు చెప్పలేదు.

చెర్రీ బెరడు చీపురుతో గోడ తోముతూ
వచ్చిన కీర్తనలన్నీ వల్లించాను.
బాన నా గొంతు నాకే తిరిగిచ్చింది.
చర్చిలో ఎన్నడూ వినని గొంతు:
కాస్త బొంగురు, కాస్త గీర.
కీర్తనలు అయిపోయాయి.
ప్రభువు నేర్పిన ప్రార్థన అందుకున్నాను.
అప్పులు వదిలేసే మాట దగ్గర
నాలుక మడతపడింది.
ఆదివారం నలుగురి గొంతుల్లో కలిసి
ఆ మాట దాటెయ్యొచ్చు.
ఇక్కడ నేనొక్కణ్ణే.

"పెదనాన్నా!" తాడు బిగిసింది.
ఏదో ఒకటి అనాలి. అన్నాను:
"గట్టురాయి నేనే జరిపాను."

నాన్న పోయిన శీతాకాలం, మంచులో, రాత్రి.
రెండు సాళ్లు. రెండే.
షియో అడిగితే దేవమాత పటం మీద చెయ్యేసి
ఎప్పట్నుంచో అక్కడే ఉందన్నాను.
ఆ తర్వాత పదకొండు ఉపవాస కాలాలు
మాంసం మానాను, పాలు మానాను, వెన్న మానాను.
ఆ రెండు సాళ్ల ద్రాక్ష మాత్రం మానలేదు.

పైనుంచి చప్పుడు లేదు.
ఇప్పుడు వాడి గొంతు కోసం నేను చెవులు రిక్కించాను.
చాలాసేపటికి ఇయోతమ్ అన్నాడు:
"తోము."

ఏడ్చానంటే బాగుండేది. ఏడవలేదు.
మోకాళ్లు లాగాయి, సున్నం కళ్లలో పడింది.
గోడ నిండా గోరంత మందాన పాత మడ్డి.
పైనుంచి దీపం పట్టి చూస్తే కనబడదు,
అరచేత్తో తడిమితేనే తెలుస్తుంది.

మా నాన్న లెక్క ఒకటే:
కడిగిన నీళ్లు తాగగలిగేదాకా కడగాలి.
మొదటి నీళ్లు బురద.
మూడోవి టీ రంగు.
ఐదో నీళ్లలో నా ముఖం కనిపించింది.
తాగబుద్ధి కాలేదు.

మూడో రోజు పొద్దున్నే గడ్డపారతో వెళ్లి
రాయి పెళ్లగించాను.
దాని పాత గుంత పూడి, గడ్డి మొలిచి ఉంది.
మళ్లీ తవ్వాలి. జబ్బు మనిషికి పూట పని.
షియో తన వాకిట్లోంచి చూస్తూనే ఉన్నాడు.
సాయం రాలేదు. వద్దనీ అనలేదు.
మధ్యలో ఒకసారి కోపం కూడా వచ్చింది నాకు,
చూస్తూ నిలబడ్డాడే అని!
పాత కోపమే, ఇంకా చావలేదు.
దాంతోపాటే తవ్వాను.

రాత్రికి వచ్చాడు. టోపీ తీయలేదు.
క్షమించమనడానికి నోరు తెరిచాను,
చెయ్యెత్తి ఆపాడు.
తిన్నగా వైన్ కొట్టంలోకి నడిచి
కర్రకు కట్టిన సొరబుర్రతో
ఏడో నీళ్లు తోడి, పుక్కిట పట్టి, మింగాడు.
మా నాన్న అచ్చం అలాగే మింగేవాడు,
ఒక కన్ను మూసి.

"ఇంకోసారి కడగాలి," అన్నాడు.
చొక్కా చేతులు మడుస్తూ
"తాడెక్కడ?" అన్నాడు.